స్తంభనమా? పూరణమా? – ముడతల సూదుల బేరం

"ముఖం మీది ముడతలకు బోటాక్స్ మంచిదా, ఫిల్లర్ మంచిదా?"

ఒకప్పుడు సినిమాతారల గురించి చెవిలో చెప్పుకునే మాట ఇప్పుడు పెళ్ళిపందిళ్ళలో బాహాటంగా వినవస్తోంది. అడిగేవారిని నేను తప్పు పట్టను. ప్రశ్ననే తప్పు పడతాను. "సంధి మంచిదా, సమాసం మంచిదా?" అని ఒక పిల్లవాడు అడిగితే ఏ తెలుగు పంతులూ జవాబు చెప్పడు. "ఏది ఎక్కడ కలుగుతుందో ముందు తెలుసుకో నాయనా" అంటాడు. ముడతల సూదుల విషయంలో మాత్రం ఆ మాట చెప్పవలసిన చోటనే ధరల పట్టిక చేతికిస్తున్నారు.

రెండు వేరువేరు పదార్థాలను ఒకే తక్కెడలో పెట్టి పోటీసరుకులుగా చూపడంలో అమ్మేవాడికి గొప్ప లాభముంది. "ఇదా? అదా?" అని అడిగినవాడు "అసలు కావాలా?" అన్న ప్రశ్నను అప్పటికే దాటివచ్చి ఉంటాడు. ఈ టపాలో నా వాదం అంతా ఇదే. ఈ సూదులలో ఎంపిక రుచిభేదం కాదు, ధరభేదం కాదు. ముడత జాతిని బట్టి, ముఖంలో దాని చోటును బట్టి, పొరపాటు జరిగితే వెనక్కు తీసుకోగలమా అన్నదాన్ని బట్టి, సూది పట్టిన చేతిని బట్టి తేలవలసిన విషయం. ఈ నాలుగూ చెప్పకుండా పేర్లూ రాయితీలూ చెప్పేవాడు వైద్యం చేయడం లేదు, వర్తకం చేస్తున్నాడు.

నేను వైద్యుణ్ణి కాను, తెలుగు పాఠాలు చెప్పుకున్నవాణ్ణి. అయినా ఈ వర్తకం సగం మాటల మీదనే నడుస్తోంది కనుక మాటల లెక్క అడిగే హక్కు నాకూ ఉంది.

మాటతోనే మొదలుపెడదాం. వలి అన్నా వళి అన్నా ముడతే. అది నడుము మీద మూడు వరుసలుగా ఉంటే త్రివళి అని మన కవులు తరాల తరబడి వర్ణించారు. అదే నుదుటికెక్కితే నెరసిన జుట్టుతో జతకట్టించి వలీపలితములు అని ముసలితనానికి గుర్తుగా లెక్కించారు. చర్మం ఒకటే, మడత ఒకటే. చోటు మారేసరికి గుణం కాస్తా దోషమైంది. కాబట్టి ముడత అసహ్యమన్నది శరీరశాస్త్రం చెప్పిన మాట కాదు, చూసే కన్ను చెప్పిన మాట. ఆ కన్నుకు మందు సీసాలో లేదు.

అలాగని "ఇదంతా పాశ్చాత్య వ్యామోహం, మన సంస్కృతిలో ఇట్టి ఆశలు లేవు" అనేవారితోనూ నేను ఏకీభవించను. ఆయుర్వేదానికి చెప్పిన ఎనిమిది అంగాలలో రసాయనతంత్రం ఒకటి. జరను దూరంగా ఉంచడమే దాని పని. అశ్వినీదేవతల దయవల్ల చ్యవనుడు ముసలి రూపు వదిలి యువకుడయ్యాడు. యయాతి మరొక అడుగు ముందుకు వేసి, కన్నకొడుకు యౌవనాన్నే అడిగి పుచ్చుకున్నాడు. ఆశ మన ఇంటిదే. సూది మాత్రమే కొత్తది.

ఇక ముడతల జాతులు. కోపం వచ్చినప్పుడు కనుబొమల నడుమ నిలువుగా ఏర్పడే గీతలు, ఆశ్చర్యపడినప్పుడు నుదుటిపై అడ్డంగా వచ్చేవి, నవ్వినప్పుడు కంటి కొనల దగ్గర కాకిపాదంలా విచ్చుకునేవి – ఇవి కండరం కదలికవల్ల పుట్టేవి. ముఖం కదలకుండా ఉంచితే చాలావరకు మాయమవుతాయి. ముక్కు పక్కనుంచి పెదవి కొన దాకా దిగే లోతైన చాళ్ళు, బుగ్గ జారినప్పుడు ఏర్పడే మడతలు వేరు. చర్మంలోని కొల్లాజెన్ తగ్గడం, కింది కొవ్వు పలచబడి జారడం, చివరకు ఎముక కూడా కొంత అరిగిపోవడం వీటికి కారణాలు. ముఖం కదిలినా కదలకున్నా ఇవి కనిపిస్తూనే ఉంటాయి. మొదటి జాతి ముడతకు కదలికను ఆపే మందు కావాలి. రెండవ జాతికి లోటును నింపే పదార్థం కావాలి. అందుచేత నేను మొదటిదాన్ని స్తంభనమనీ రెండవదాన్ని పూరణమనీ అంటాను. ఇంతకంటె మంచి పదాలు తోచినవారు చెబితే సంతోషంగా స్వీకరిస్తాను.

ముందు స్తంభనం సంగతి. బోటాక్స్ అన్నది ఒక కంపెనీ సరుకు పేరు. వనస్పతినంతా డాల్డా అన్నట్టు జనం అన్నింటికీ ఆ పేరే వాడుతున్నారు. లోపల ఉన్నది బొటులినం విషం. ఇంతవరకు మనిషికి తెలిసిన విషాలలో దీనికంటె తీక్ష్ణమైనది లేదంటారు. బాటులస్ అంటే లాటిన్ భాషలో సాసేజీ. పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో జర్మనీలోని వ్యూర్టెంబర్గ్ ప్రాంతంలో చెడిపోయిన సాసేజీలు తిని జనం కాళ్ళూ చేతులూ పడిపోయి చనిపోతుంటే, జస్టీనస్ కెర్నర్ అనే వైద్యుడు ఆ లక్షణాలను 1820ల నాటికి వివరంగా గ్రంథస్థం చేశాడు. ఆయన పేరున్న కవి కూడా. ఆ విషాన్ని కొలిచి ఇస్తే మందుగా పనికిరావచ్చునని ఊహించినవాడూ ఆయనే. 1895లో బెల్జియంలో ఒక అంత్యక్రియల విందు తరువాత పలువురు జబ్బుపడినప్పుడు వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి కారణమైన సూక్ష్మజీవిని వేరుచేశాడు.

ఆ విషం కంటి వైద్యశాల గుండా ముఖసౌందర్యంలోకి వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆలన్ స్కాట్ అనే నేత్రవైద్యుడు మెల్లకన్నును సరిచేయడానికి దీన్ని ప్రయోగించాడు. 1989లో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ మెల్లకన్నుకూ, కనురెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకూ దీన్ని అనుమతించింది. కెనడాలోని వాంకూవర్‌లో నేత్రవైద్యురాలు జీన్ కరూథర్స్, తన రోగులకు కనురెప్పల బిగింపుతోపాటు కనుబొమల నడిమి గీతలు కూడా సడలడం గమనించింది. చర్మవైద్యుడైన భర్త ఆలస్టేర్‌తో కలిసి 1992లో ఆ సంగతి ప్రచురించింది. 2002లో కనుబొమల నడిమి ముడతలకు, 2013లో కాకిపాదాలకు, 2017లో నుదుటి గీతలకు, 2024లో మెడమీద నిలువుగా లేచే కండరపు పట్టీలకు వరుసగా అమెరికాలో అనుమతులు వచ్చాయి. గమనించండి: ప్రతి చోటుకూ వేరే పరీక్ష, వేరే అనుమతి. మన కరపత్రాలలో మాత్రం "ముఖమంతటికీ" అని ఒక్కమాటలో తేల్చేస్తారు.

దాని పని సూటిగా చెప్పవచ్చు. నరం కొసనుంచి కండరానికి ఆజ్ఞ మోసుకుపోయే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల కానీయకుండా ఆపుతుంది. నరం చావదు, ఆజ్ఞ మాత్రం చేరదు. మూడు నాలుగు రోజులలో ఫలితం మొదలై, రెండు వారాలకు నిండుగా కనిపించి, సాధారణంగా మూడు నాలుగు నెలలకు వదిలిపోతుంది. అంటే ఆ నునుపు నిలవాలంటే సంవత్సరానికి మూడు నాలుగుసార్లు, పదేళ్ళకు ముప్ఫై నలభై సార్లు సూది పొడిపించుకోవాలి. ఒక్కసారి ధర చెప్పి పదేళ్ళ లెక్క చెప్పనివాడు నెలవాయిదా మాత్రమే చెప్పి అసలు దాచే వడ్డీవ్యాపారి వంటివాడు.

ఈ జాతిలోనే డిస్పోర్ట్, జియోమిన్, జూవో, డాక్సిఫై వంటి పేర్లున్నాయి. ఇక్కడ మరొక మాయ ఉంది. కనుబొమల నడిమి ముడతకు బోటాక్స్ ఆమోదిత మోతాదు 20 యూనిట్లు, డిస్పోర్ట్‌కు 50 యూనిట్లు. ఒక కంపెనీ యూనిట్ వేరు, మరొక కంపెనీ యూనిట్ వేరు. సేరూ కిలో ఒకటి కానట్టే ఇవీ ఒకటి కావు. "మా దగ్గర యూనిట్ చవక" అన్న ప్రకటన ఏ యూనిటో చెప్పకపోతే అర్థంలేని వాక్యం. వ్యాకరణరీత్యా శుద్ధంగా ఉంటుంది, అంతే.

స్తంభనానికి మరొక మూల్యముంది. నాట్యశాస్త్రం కనుబొమలకు ఏడు కర్మలు చెప్పింది. వాటిలో భ్రుకుటి ఒకటి. కోపానికీ, తీవ్రమైన ఆలోచనకూ, ఎదుటివాడిమీది అనుమానానికీ ముఖం వాడుకునే భాష అది. నా వృత్తిలో ఒక్క భ్రుకుటి నలభైమంది పిల్లలను కూర్చోబెట్టేది, బెత్తం అవసరముండేది కాదు. మోతాదు మితంగా ఉంటే ఆ భాష కొంత నిలుస్తుంది, మించితే ముఖం మూగబోతుంది. మందు పక్కకు పాకితే కంటిరెప్ప వాలిపోవచ్చు. దానంతటది తగ్గుతుంది కాని, అందుకు వారాలు పడుతుంది. స్తంభనాన్ని తిప్పికొట్టే ఉచ్చాటనం, అంటే విరుగుడు సూది, లేదు. పొడిచిన చోటునుంచి దూరానికి వ్యాపిస్తే మింగడం, ఊపిరి పీల్చడం కష్టం కావచ్చునని 2009లోనే ఈ మందుల పెట్టెల మీద పెట్టెగీతల హెచ్చరికను తప్పనిసరి చేశారు. మయస్తీనియా వంటి నరకండర వ్యాధులున్నవారు సూదికి ముందే ఆ సంగతి వైద్యుడికి చెప్పి తీరాలి. కొన్నిరకాల యాంటీబయాటిక్‌లు దీని ప్రభావాన్ని పెంచుతాయి. వాడుతున్న మందుల జాబితా అడగకుండా సూది తీసినవాడి దగ్గరనుంచి లేచిరావడం ఉత్తమం.

ఇక పూరణం. పద్యపాదంలో గణం తక్కువైనప్పుడు అర్థంలేని అక్షరాలు చేర్చి నింపడాన్ని పాదపూరణం అంటాం. ఒకటి రెండు చోట్ల చేస్తే చెవి క్షమిస్తుంది. పద్యమంతా నింపితే అది పద్యం కాదు. ఫిల్లర్ పని కూడా అంతే. 1981లో అమెరికాలో తొలిగా అనుమతి పొందినది ఆవు చర్మంనుంచి తీసిన కొల్లాజెన్. అది కొందరికి పడేది కాదు గనుక ముందు చేతిమీద పొడిచి, వారాలు వేచి చూసి, అప్పుడు ముఖానికి ఎక్కించేవారు. తరువాత ఆ స్థానాన్ని హయలురానిక్ ఆమ్లం ఆక్రమించింది. దీన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రజ్ఞులు ఆవు కంటిగుడ్డులోని ద్రవంనుంచి వేరుచేశారు. మన శరీరంలోనూ సహజంగా ఉన్నదే. నీటిని పట్టి ఉంచడం దాని గుణం. రెస్టిలేన్‌కు 2003లో, జువెడెర్మ్‌కు 2006లో అమెరికాలో అనుమతులు వచ్చాయి. ముక్కు పక్కని చాళ్ళకు, పెదవి కొనల కింది గీతలకు, లోతుకుపోయిన బుగ్గలకు ఇవి వాడతారు. రకాన్ని బట్టి ఆరు నెలలనుంచి ఏడాదిన్నర దాకా నిలుస్తాయి.

హయలురానిక్ ఆమ్లానికి ఒక గొప్ప గుణముంది. నచ్చకపోయినా, తేడా వచ్చినా హయలురానిడేజ్ అనే ఎంజైమ్‌తో కరిగించవచ్చు. స్తంభనానికి లేని విరుగుడు దీనికుంది. ఈ ఒక్కమాట విని "అయితే ఇదే మంచిది" అనేవారు తొందరపడుతున్నారు. సూదిమొన చర్మంలో కాక రక్తనాళంలో దిగితే ఆ జిగురు నాళాన్ని మూసివేస్తుంది. ఆ మేర చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. ముక్కు చుట్టూ, కనుబొమల నడుమ ఉన్న నాళాలకు కంటి నాళాలతో సంబంధముంది. అక్కడ ఎక్కించిన పదార్థం వెనక్కు పోయి కంటికి రక్తం ఆపివేస్తే చూపు పోతుంది. అలా పోయిన చూపు చాలామందికి తిరిగి రాలేదు. మెదడుకు చేరితే పక్షవాతం. ఇవి అరుదు, కాని కల్పన కాదు. 2015లో అమెరికా నియంత్రణ సంస్థ వైద్యులనూ ప్రజలనూ ఈ విషయమై బహిరంగంగా హెచ్చరించింది.

ఇప్పుడు మళ్ళీ మొదటి ప్రశ్నకు రండి. కనుబొమల నడిమి గీతకు స్తంభనం సరైనది. అక్కడే పూరణం చేస్తే కంటిచూపును పణంగా పెట్టినట్టు. ముక్కు పక్కని చాలుకు పూరణం సరైనది. దాన్ని చదును చేస్తానని అక్కడి కండరాలను స్తంభింపజేస్తే నవ్వు వంకరపోవచ్చు. "ఏది మంచిది?" అన్న ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పినవాడు సగం ముఖాల విషయంలో తప్పు చెప్పినట్టే.

మూడవ జాతి కూడా ఉంది, దాన్ని ప్రేరణమందాం. పాలీలాక్టిక్ ఆమ్లంతో చేసిన స్కల్ప్‌ట్రా, కాల్షియం రేణువులతో చేసిన రేడియెస్ వంటివి చర్మాన్ని రెచ్చగొట్టి సొంత కొల్లాజెన్‌ను పుట్టిస్తాయి. ఫలితం నెమ్మదిగా వచ్చి ఎక్కువకాలం నిలుస్తుంది. అయితే వీటిని హయలురానిడేజ్ కరిగించలేదు. వీటికి అవతల శాశ్వత పూరకాలున్నాయి. యాక్రిలిక్ జాతికి చెందిన సన్నని పూసలు కలిపిన ఒక పదార్థానికి 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది కరగదు, పోదు. "ఒక్కసారి చేయించుకుంటే చాలు, ఇక ఖర్చు లేదు" అన్నది వినడానికి సొంపైన మాట. కాని ముఖం అక్కడే ఆగదు కదా! నలభై అయిదేళ్ళ బుగ్గకు కుదిరిన పూస అరవై అయిదేళ్ళ బుగ్గలో ఎక్కడికి జారుతుందో, ఏ గడ్డగా తేలుతుందో పొడిచినవాడు చెప్పలేడు. ముడతలకోసం సిలికాన్ ద్రవం ఎక్కించడాన్ని ఆ నియంత్రణ సంస్థ ఏనాడూ ఆమోదించలేదు. చవకగా దొరుకుతుందని దాన్ని పొడిచే చేతులు లోకంలో ఇంకా ఉన్నాయి. నా వాదంలో గట్టి మాట ఇది: వెనక్కు తీసుకోలేనిదాన్ని మొదటిసారే ఎంచుకోకండి. శాశ్వతమన్న మాట సాహిత్యంలో ప్రశంస, ముఖంలో శిక్ష కావచ్చు.

ఇంతవరకు చదివి "ఈ పంతులు కూడా ఆడవాళ్ళ అలంకారాన్ని ఈసడించే బాపతే" అని కొందరు నిశ్చయించి ఉంటారు. వారికీ, నిజంగా ఈసడించేవారికీ కలిపి ఒక మాట చెప్పాలి. "వయసుకు తగ్గట్టు ఉండాలి, ఈ వేషాలెందుకు?" అని మీసాలకు రంగు వేసుకున్న పెద్దమనిషి సభలో ఉపన్యసించడం నేను విన్నాను. మన తెలుగు తెరమీద అరవై దాటిన కథానాయకుడు తన వయసులో సగంకూడా లేని నాయికతో యుగళగీతం పాడతాడు. ఆయనతో ఒకప్పుడు నటించిన నాయిక ఇప్పుడు ఆయనకే వదినో తల్లో అవుతుంది. ఆమె ముఖంమీది గీతను జీతం తగ్గించే లోపంగా లెక్కించేదీ మనమే, ఆ గీతను తీయించుకుంటే ఎగతాళి చేసేదీ మనమే. ఈ రెండు తీర్పులూ ఒకే నోట రావడం న్యాయం కాదు. ఆఫీసు స్వాగతపీఠం దగ్గర కూర్చునే స్త్రీకి, వార్తలు చదివే స్త్రీకి ముడత అంటే కేవలం అద్దంలో కనిపించేది కాదు, ఉద్యోగానికి సంబంధించినది. ఆమెకు నీతిబోధ చేసేముందు ఆమె యజమానికి చేయాలి.

పైగా ఈ సూదులన్నీ విలాసాలు కావు. కనురెప్పలు బిగుసుకుపోయి కళ్ళుండీ చూడలేనివారికి 1989నాటి అనుమతి చూపునిచ్చింది. స్కల్ప్‌ట్రాను 2004లో మొదట అనుమతించింది ముడతలకోసం కాదు, హెచ్.ఐ.వి. ఉన్నవారి బుగ్గలు లోతుకుపోయినప్పుడు నింపడానికి. ఆ గుంటలు వీధిలో వారి జబ్బును చాటేవి. వాటిని నింపడమంటే ఆ మనిషి రహస్యాన్ని, మర్యాదను తిరిగి అతని చేతికివ్వడం. సౌందర్య ఉపయోగానికి అనుమతి 2009లో గాని రాలేదు. మందుకు పాపపుణ్యాలు లేవు. దాన్ని అమ్మే మాటకున్నాయి.

మరొక పక్షంవారు "ఎవరి ముఖం వారిది, ఎవరి డబ్బు వారిది, మధ్యలో మీరెవరు?" అంటారు. నిజమే. కాని స్వేచ్ఛగా ఎంచుకోవాలంటే ముందు తెలియాలి. ఎంచుకోదగినవన్నీ ముందు పెట్టినప్పుడే అది ఎంపిక. ఈ పట్టికలో ఎప్పుడూ కనిపించని రెండు వరుసలున్నాయి. ఒకటి "ఏమీ చేయకపోవడం." రెండవది "సూది లేకుండా చేయగలిగినది." ముఖచర్మాన్ని వయసుకు మించి ముదర్చేది ముఖ్యంగా ఎండ, ఆపైన పొగ. మన నల్లని, చామనచాయ చర్మంలోని మెలనిన్ ఎండనుంచి కొంత కాపు కాస్తుంది కనుక తెల్లవారికంటె మనకు ముడతలు ఆలస్యంగానే వస్తాయి. మనకు ముందు వచ్చేది మచ్చ. మచ్చకు ఈ రెండు సూదులూ మందు కావు. గొడుగు, ఎండకాపు లేపనం, పొగ మానడం సన్నని ముడతలను వాయిదా వేస్తాయి. ట్రెటినాయిన్ లేపనం సన్నని ముడతలను కొంత తగ్గిస్తుందని 1995లోనే అమెరికాలో అనుమతి దొరికింది. గర్భిణులు వాడరాదు, వైద్యుడు చెప్పకుండా ఎవరూ వాడరాదు. ఫలితానికి నెలలు పడుతుంది. ఇందులో పండుగ రాయితీ ఇవ్వడానికేమీ లేదు. అందుకే దీన్ని ఎవరూ ప్రకటించరు.

ప్రకటనల భాషకు వద్దాం. "యాంటీ ఏజింగ్" అన్నది మొదటి అబద్ధం. ఏ సూదీ వయసును ఆపలేదు. వయసు కనిపించే ఒక గుర్తును కొన్ని నెలలు దాస్తుంది, అంతే. గోడకు సున్నం వేయడాన్ని "ఇంటి వయసు తగ్గించుట" అని ఎవరూ అనరు. "భోజన విరామంలో ముగిసే చికిత్స" అన్నది రెండవది. పొడవడానికి పది నిమిషాలే కావచ్చు, కాని రెప్ప వాలితే వారాలు, చూపు పోతే జీవితం. "పూర్తిగా సురక్షితం" అన్నది మూడవది. ఏ మందుకూ ఆ విశేషణం చెల్లదు. "పెళ్ళికూతురి తల్లికి ప్రత్యేక ప్యాకేజీ" అన్నది అన్నిటికంటె నాకు కష్టం కలిగించేది. కూతురి పెళ్ళినాడు తల్లి ముఖం కూతురి ముఖంతో పోటీ పడాలని ఎవరు చెప్పారు? ఆ నుదుటిమీది గీతలలో ఆ పిల్లకు జ్వరం వచ్చిన రాత్రులెన్ని ఉన్నాయో ఆ ప్యాకేజీ రాసినవాడికి తెలుసునా?

ఇంకొక చిత్రం చూడండి. మన జీఎస్టీ విధానం వైద్యసేవలకు పన్ను మినహాయించింది. కాని సౌందర్యం కోసం చేసే శస్త్రచికిత్సకు ఆ మినహాయింపు లేదు. పుట్టుకతో వచ్చిన లోపానికో, ప్రమాదంలో తగిలిన గాయానికో చేసే ప్లాస్టిక్ సర్జరీకి మాత్రం ఉంది. అవసరానికీ అలంకారానికీ గల భేదం పన్నుల శాఖవారికి తెలిసింది. ప్రకటనలు రాసేవారికి మాత్రం తెలియనట్టుంటుంది.

చివరిది చేతి సంగతి, సీసా సంగతి. బొటులినం మందు పొడిరూపంలో వస్తుంది. చల్లగా దాచి, పొడిచేముందు సెలైన్‌లో కలుపుతారు. ఎంత నీరు కలిపారో చూసేవాడు లేకపోతే పాలవాడికున్న సౌకర్యమే ఇక్కడా ఉంది. పలచబడిన మందు నెలన్నరకే వదిలిపోతే "మీ శరీరతత్త్వం అటువంటిది" అంటారు. అంతకంటె ఘోరం నకిలీ సరుకు. 2024 వసంతంలో అమెరికాలో నకిలీ మందువల్లనో, సరిగా వాడకపోవడంవల్లనో 11 రాష్ట్రాలలో 22 మంది స్త్రీలు జబ్బుపడ్డారని అక్కడి వ్యాధినియంత్రణ కేంద్రం ప్రకటించింది. వారిలో సగంమంది ఆస్పత్రి పాలయ్యారు. పొడిచిన చోట్లలో ఇళ్ళూ, స్పాలూ కూడా ఉన్నాయి. న్యూమెక్సికో రాష్ట్రం ఆల్బుకర్క్ నగరంలో ఒక స్పాలో, రక్తంనుంచి తీసిన ద్రవాన్ని సన్నని సూదులతో ముఖంలోకి ఎక్కించే చికిత్సవల్ల హెచ్.ఐ.వి. సోకిన ఉదంతం 2018లో బయటపడింది. అంత కట్టుదిట్టాలున్న దేశంలోనే ఇలా ఉంటే, జుట్టు కత్తిరించే కుర్చీలోనే సూది కూడా పొడిచే మన వీధిచివరి పార్లర్‌ను ఏమని నమ్మాలి?

కాబట్టి వద్దనడం నా ఉద్దేశం కాదు. వెళ్ళదలచినవారు ధర అడిగేముందు ఇవి అడగండి. నా ముడత కదలికవల్ల వచ్చినదా, లోటువల్ల వచ్చినదా? మీరు చర్మవైద్యులా, ప్లాస్టిక్ సర్జనా, లేక రెండు రోజుల శిక్షణ పొందినవారా? సీసా నా ఎదుట విప్పుతారా, పేరూ బ్యాచి సంఖ్యా గడువు తేదీ రాసుకోనిస్తారా? ఏ కంపెనీ మందు, ఎన్ని యూనిట్లు లేదా ఎన్ని మిల్లీలీటర్లు? నచ్చకపోతే కరిగించవచ్చునా? నాళం మూసుకుపోతే కరిగించే మందు ఈ గదిలో, ఈ క్షణాన ఉందా? నాకు ఇది అవసరం లేదని మీకు తోస్తే ఆ మాట చెబుతారా? ఈ చివరి ప్రశ్నకు ఆ వైద్యుడు ఒక్క క్షణం ఆలోచించి జవాబు చెబితే అతణ్ణి నమ్మవచ్చు. నవ్వి ప్యాకేజీ పుస్తకం తెరిస్తే లేచి రండి.

యయాతికి పూరుడి యౌవనం వేయి సంవత్సరాలు దక్కిందట. అంత గడువు తరువాత కూడా తనకు తనివి తీరలేదని ఒప్పుకుని, దాన్ని కొడుక్కు తిరిగి ఇచ్చి తన ముసలితనం తాను తీసుకున్నాడు. వేయేళ్ళ గడువుకే తీరని ఆశకు మూడు నెలల సూది ఏపాటిది? తీసుకునేవారు ఆ కొలత తెలిసి తీసుకోవాలి. అమ్మేవారు ఆ కొలత చెప్పి అమ్మాలి. ఈ మాటలో తప్పున్నదనుకునే బ్లాగ్మిత్రులు, ముఖ్యంగా మనలోని వైద్యులు, సంకోచించకుండా వ్యాఖ్య రాయండి. వాదం ఎంత గట్టిదైనా ఆహ్వానిస్తాను, నా భ్రుకుటి ఇంకా కదులుతూనే ఉంది.

స్వస్తి.